ఆదివారం ఖట్టా

హాట్ డాగ్‌ను ఒక్క కొరుకు కొరకగానే ప్రణవికి తెలిసిపోయింది, బన్ను నిన్నటిదని.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక సందులో ఉన్న చిన్న బేకరీ అది. గాజు అరలో ఎగ్ పఫ్‌ల పక్కన హాట్ డాగ్‌లు బారుగా పడుకుని ఉంటాయి. అడిగితే ఓవెన్‌లో వేడిచేసి, మయోనీస్ పిండి, పైన టమాటా సాస్‌తో ఓ గీత గీసి చేతికిస్తారు. కాలేజీ పిల్లలు నిలబడే తినేసి, చేతులు జీన్స్‌కు తుడుచుకుని వెళ్లిపోతారు. ప్రణవి అలా కాదు. ఆమె తినేది కెమెరా ముందు.

"సాసేజ్ మంచిగుంది. మిరియం ఘాటు తెలుస్తుంది. మయోనీస్ జర ఎక్కువైంది గానీ నడుస్తది," అంది నములుతూ. తర్వాత బన్నును వేలితో నొక్కి చూపించింది. "కానీ ఇది నిన్నటి బన్ను. ఓవెన్‌ల పెడితే పాతది కొత్తదైతదా అన్నా?"

కౌంటర్ వెనకాయన, "నిన్నటిది కాదు మేడం, పొద్దుగాలదే," అన్నాడు.

"ఏ పొద్దుగాలది? నిన్న పొద్దుగాలదా?"

బేకరీలో ఉన్న పిల్లలంతా గొల్లుమన్నారు. ఆయనకూ నవ్వక తప్పలేదు. ఫోన్ పట్టుకుని షూట్ చేస్తున్న కీర్తి చాలన్నట్టు తలూపింది.

ఇదీ ప్రణవి పని. పేజీ పేరు 'మొహమాటం లేని ముద్ద'. ప్రణవి, కీర్తి కాలేజీ రోజుల నుంచీ దోస్తులు. ఒకరు తింటారు, ఒకరు తీస్తారు. ముందుగా చెప్పి వెళ్లరు, తిన్నదానికి బిల్లు కట్టి వస్తారు, ఉన్నదున్నట్టు చెబుతారు. బండి మీద మిర్చి బజ్జీ అయినా, ఇరానీ హోటల్ చాయ్ అయినా, లక్డీకాపూల్ ఆఫీసుల వెనక మెస్సుల్లో సాంబారైనా ఒకటే మాట. బాగుంటే బాగుంది, లేకుంటే లేదు. జనం దానికే పడి చచ్చారు. కనిపించిన ప్రతి హోటల్‌నూ 'అద్భుతం, అమోఘం' అని చేతులూపేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు మరి! బషీర్‌బాగ్‌లో ఒక మెస్సాయన ఆమె వీడియో చూసి ఫోన్లో నానా తిట్లూ తిట్టాడు. కొన్నాళ్లకు ఆయనే మళ్లీ ఫోన్ చేసి, "నూనె మార్చిన, వచ్చి తిను," అన్నాడు. వెళ్లి తింది. బాగుంది. బాగుందనే చెప్పింది. అంత ఖరాఖండీ మనిషి.

అంతటి మనిషి ఈమధ్య నాంపల్లిలో ఒక హోటల్ ముందు నుంచి మాత్రం మొహం తిప్పుకుని పోతోంది. ఎందుకంటారా? ఆ హోటల్ వాళ్ల నాన్నది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డదంటే ఇదే.

ప్రణవి వాళ్ల నాన్న శ్యామ్‌సుందర్ సర్కారు దఫ్తర్లో క్లర్కుగా చేరి, ఫైళ్ల దుమ్ము పీల్చి పీల్చి రిటైరైన మనిషి. రిటైరైనవాళ్లు పొద్దున్నే పబ్లిక్ గార్డెన్‌లో నడుస్తారు, సాయంత్రం గుళ్లో ప్రవచనం వింటారు, మధ్యలో ఇంట్లోవాళ్లకు సుద్దులు చెబుతారు. ఈయన హోటల్ పెట్టాడు. స్టేషన్ దగ్గరి సందులో, జిరాక్స్ షాపుకూ తాళాలు బాగుచేసే షాపుకూ నడుమ ఒక మడిగె కిరాయికి తీసుకున్నాడు. పసుపు బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో 'విమల టిఫిన్స్' అని భార్య పేరు రాయించాడు. వంటకు మాస్టర్‌ను పెట్టుకోమని ఎవరో అంటే, "నాకెందుకు మాస్టర్? నేనే మాస్టర్‌ను," అన్నాడు. గిన్నెలు కడగడానికి రజని అనే ఆమెను పెట్టుకుని, తెల్ల ఆప్రాన్ కట్టుకుని తానే పొయ్యి ముందు నిలబడ్డాడు.

ఆయనకు పేరు తెచ్చిన వంటకం ఒక్కటే, ఖిచిడీ ఖట్టా. ఖిచిడీ అంటే ఎర్రపప్పు, బియ్యం కలిపి పొడిపొడిగా వండే పచ్చటి అన్నం. దాని మీద పోసుకునే నువ్వుల చింతపండు పులుసు ఖట్టా. హైదరాబాద్‌లో పుట్టిన నాలుకకు పొద్దున్నే ఈ రెండూ తగిలితే ఇంకేమీ అక్కర్లేదు. పేరు తెచ్చిందన్నాను కదా, ఎక్కడ తెచ్చిందని అడగండి. వాళ్ల ఇంట్లో. ఇంకెక్కడా కాదు. తంటా అంతా అక్కడే ఉంది.

ప్రణవి చిన్నప్పుడు శ్యామ్‌సుందర్ ఒక మంచి పని మొదలుపెట్టాడు. "ఆదివారం మీ అమ్మకు సెలవు. వంట నాది," అన్నాడు. ఆ వాడలో మగవాడు వంటింట్లోకి వెళ్లేది మంచినీళ్లకు మాత్రమే. అందుకని పక్కింటివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆయన మాట తప్పలేదు, ప్రతి ఆదివారం చేశాడు. చేసింది మాత్రం ఒక్కటే, ఆ ఖిచిడీ ఖట్టాయే. ఖిచిడీ జావగా వచ్చేది. ఇక ఖట్టా అంటారా, నువ్వులు ఎంత నల్లగా వేగితే అంత వాసన అని ఎవరు చెప్పారో ఏమో, బొగ్గయ్యేదాకా వేయించేవాడు. ఒకటే చేదు. జీవితమంతా జర్దా పాన్ నమిలిన ఆయన నాలుక ఆయన కన్నా ముందే రిటైరైంది కాబట్టి ఆయనకు ఆ చేదు తెలిసేది కాదు.

"ఎట్లుంది?" అని ఆయన ఒక్కొక్కరి పళ్లెం మీదికీ వంగి అడిగేవాడు. విమల అందరికన్నా ముందు, "మస్తుంది," అనేది. ఒకసారి ప్రణవి "చేదు" అని నోరు తెరవబోయింది. విమల తొడ మీద గట్టిగా గిల్లింది. తర్వాత గిన్నెలు సర్దుతూ చెప్పింది, "మొగోడు పొయ్యికాడికి వచ్చుడే ఎక్కువ. వంక పెట్టినవనుకో, మళ్ల రాడు." అప్పటి నుంచి ప్రణవి కూడా నేర్చుకుంది. మస్తుంది నాన్నా. చుట్టాలు వచ్చినా అదే పాట. తిని, కళ్లనీళ్లు మింగి, "బావ చేతిల అమృతమున్నది," అని వెళ్లిపోయేవారు. ఇన్నేళ్లు ఇంతమంది ఒకే మాట చెబితే ఆయన నమ్మాడంటే తప్పు ఆయనదా? ఇంట్లో అబద్ధం ఇంట్లోనే ఉండి ఉంటే ఎవరికీ నష్టం లేకపోయేది. అది బోర్డు కట్టుకుని బజారులో కూర్చుంది.

మొదటి వారం దఫ్తర్ దోస్తులు వచ్చి తిన్నారు. "శభాష్ శ్యామ్," అన్నారు. మళ్లీ ఎవరూ రాలేదు. రైలు దిగి తెలియక వచ్చినవాళ్లు సగం తిని లేచిపోతున్నారు. ఈగలు కూడా కాస్త ఆలోచించుకుని వాలుతున్నాయి. శ్యామ్‌సుందర్‌కు మాత్రం కారణం అంతుపట్టలేదు. "వంటల లోపం లేదు. జనానికి తెలుస్తలేదు, గంతే," అన్నాడు. అక్కడి నుంచి ఆయన చూపు కూతురి మీద పడింది.

"ఎప్పుడొస్తున్నవ్ బిడ్డా? ఊరందరి హోటళ్లు తిరుగుతవ్, మీ నాన్నది కనవడ్తలేదా?"

"వస్త నాన్నా. వరసల ఉంది."

ఏ వరస! ఆ వరస రాకుండా ఉండాలని ఆమె చేయని పని లేదు. ఖైరతాబాద్‌లో దోశ బండి, మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం, స్టేషన్ బయట ఇడ్లీ, మళ్లీ ఖైరతాబాద్‌లో ఇంకో దోశ బండి. కాలు కాలిన పిల్లిలా తిరిగింది. తిన్నది ఒంటికి పట్టడం లేదు. కూర్చుంటే కాలు ఊపుతుంది, నిలబడితే గోళ్లు కొరుకుతుంది. షూటింగ్ మధ్యలో ఫోన్ తీసి చూస్తుంది. కీర్తికి విసుగొచ్చింది.

"ఏందే నీకు? చీమలు కుడుతున్నయా?"

సరిగ్గా ఆ సమయంలోనే చూసేవాళ్ల కామెంట్లు మొదలయ్యాయి. 'అక్కా, నాంపల్లిల విమల టిఫిన్స్‌కు పోయిన్రా? అది ఖట్టానా, కషాయమా జర చెప్పండి' అని ఒకడు రాశాడు. దాని కింద ఇంకొకడు, 'నేను తిన్న. మా తాత మందు యాదికొచ్చింది' అన్నాడు. దాని కింద నవ్వుల వరస. 'అక్కా, మీరే న్యాయం చెప్పాలె' అని ఇంకో పదిమంది. అది విమల భర్త హోటలని, అక్క వాళ్ల నాన్నదని వాళ్లకేం తెలుసు! ఆటోలో కూర్చుని అవన్నీ చదివిన ప్రణవికి వాళ్లందరి మీదా ఒంటికాలి మీద లేవాలనిపించింది. కానీ నిజం చెప్పొద్దూ, అది వేరేవాళ్ల హోటలై ఉంటే ఆమె అంతకన్నా బాగా కడిగేసేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే కడుపు మండిపోయింది.

"పోదాం పా. ఉన్నది చెప్పు," అంది కీర్తి. "లేకుంటే మా నాన్న హోటల్, నేను చెప్పనని చెప్పెయ్. ఎవ్వరేమంటరు?"

"ఉన్నది చెప్తే నాన్న పోతడు. లేనిది చెప్తే నేను పోత. చెప్పకపోతే ఆయన హోటల్ పోతది."

"మరి ఏం చేస్తవ్?"

"నాకేం తెల్వదు, నన్నడుగకు," అని అరిచింది ప్రణవి. ఆటో డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు.

ఆ గురువారం అన్నాల దగ్గర శ్యామ్‌సుందరే తేల్చేశాడు. హోటల్ తాళం చెవులు చేతిలో తిప్పుకుంటూ అన్నాడు. "ఈ ఆదివారం రా బిడ్డా. నీ వీడియో చూసి జనమొస్తె నడుపుత. రాకుంటె మడిగె ఖాళీ చేస్త. ఇగ నాతోని కాదు." తాళం చెవులు పళ్లెం పక్కన పెట్టాడు. వెంటనే మళ్లీ తీసి జేబులో వేసుకున్నాడు. "ఒక్కటి మాత్రం యాదుంచుకో. నాన్నని మొహమాటపడకు. అందరికి చెప్పినట్టే చెప్పు. నాకేం ఫికర్ లేదు."

ఆ ధీమా చూసేసరికి ప్రణవికి ముద్ద దిగలేదు. మింగలేదు, కక్కలేదు. అమ్మ వైపు చూసింది. విమల నిలబడి భర్త పళ్లెంలో పెరుగు వేస్తోంది. 

శనివారం సాయంత్రానికి ప్రణవికి ఒక ఉపాయం తట్టింది. ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని తన తలను తానే కొట్టుకుంది. ఇంట్లో బంగారం లాంటి చెయ్యి పెట్టుకుని ఊరంతా తిరగడమేమిటి? విమల చేసిన పప్పుచారు తింటే చాలు, మనిషి ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటాడు. ఏది ఉప్పు, ఏది పులుపు అని ప్రణవికి తెలిసిందే ఆ చేతి వంట తిని. వెంటనే వంటింట్లోకి పరుగెత్తింది. విమల కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"అమ్మా, రేపు హోటల్ల నువ్వు వండు. ఒక్కరోజు. నాన్నను గల్లా కాడ కూసోబెడ్దాం. ఆయనకు నేను చెప్త, కెమెరాల నువ్వు కూడా కనిపించాలె అని. నేను తిని నిజమే చెప్త. అబద్ధం చెప్పే పనే లేదు!"

"రేపొక్కరోజేనా?"

"తర్వాత కూడా పొద్దుగాల ఒక్కపూట పోతే అయిపాయె. నువ్వు ఎట్లన్నా ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ కదా."

విమల చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఖాళీగనా?" అంది. తర్వాత ఈనె లాగి పారేసి, "చూద్దాం తియ్," అంది.

ఆ ఇంట్లో విమల 'చూద్దాం తియ్' అన్నదంటే సరేనని అర్థం. ఎప్పుడూ అంతే. ప్రణవి కీర్తికి ఫోన్ చేసి, రేపు పక్కా అని చెప్పేసింది. నాన్నకు పొద్దున హోటల్లోనే చెప్పొచ్చు అనుకుంది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కాలు ఊపకుండా పడుకుంది.

ఆదివారం అబిడ్స్‌లో షాపుల షట్టర్లు మూసి ఉన్నాయి. ఫుట్‌పాత్‌ల నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. ప్రణవి కీర్తిని రెక్క పట్టుకుని లాక్కుంటూ, పుస్తకాల కుప్పలు దాటుకుంటూ నాంపల్లి వైపు నడిచింది. శ్యామ్‌సుందర్ ఇస్త్రీ చొక్కా మీద కొత్త ఆప్రాన్ కట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపల బల్లలన్నీ తుడిచి ఉన్నాయి. దఫ్తర్లో ఆయనతో పనిచేసిన వరప్రసాద్ ఒక మూల కూర్చున్నాడు. రైలు దిగిన ఓ కుటుంబం ఇంకో బల్ల దగ్గర ఉంది. అమ్మ మాత్రం లేదు.

"అమ్మ ఏది?"

"వస్తనన్నది. చీర కట్టుకుంటుందేమో," అన్నాడు శ్యామ్‌సుందర్. "నువ్వు కూసో. అంతా తయారుంది."

అంతా తయారుందంటే నాన్నే వండేశాడన్నమాట. ప్రణవి గుమ్మం దాకా వెళ్లింది, మళ్లీ లోపలికి వచ్చింది. సందు చివరిదాకా వెళ్లి చూసి వచ్చింది. ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు. "ఏందా తిరుగుడు? కూసోరాదు," అని శ్యామ్‌సుందర్ రెండుసార్లు అన్నాడు. అప్పుడు వచ్చింది విమల. పెళ్లిళ్లకు కట్టే నీలం పట్టుచీర, భుజానికి బ్యాగు. రజని గిన్నెలు వదిలి బయటికొచ్చి మరీ చూసింది. పట్టుచీరతో పొయ్యి దగ్గరికి వెళ్తుందా ఈమె అని ప్రణవికి అనుమానం వచ్చింది. కళ్లతో వంటగది వైపు సైగ చేసింది.

విమల ఆ సైగ చూసింది. చూసి, ఫ్యాను కింద ఉన్న బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. బ్యాగు పక్క కుర్చీలో పెట్టింది.

"రెండు ప్లేట్లు ఖిచిడీ ఖట్టా తెండ్రి," అంది భర్తతో.

"అమ్మా, లోపలికి..." అని ప్రణవి చెవి దగ్గర గుసగుసలాడింది.

"నేను లోపలికి రాను. తినెతందుకు వచ్చిన. నువ్వు కూడా కూసో."

ఇక చేసేదేముంది? ప్రణవి కూర్చుంది. కీర్తి ఫోన్ పట్టుకుంది. శ్యామ్‌సుందర్ రెండు ప్లేట్లు తానే మోసుకొచ్చి, అప్పడం విరగకుండా జాగ్రత్తగా పెట్టాడు. ప్రణవి ఖట్టా పోసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అదే చేదు. గొంతులో మాడు వాసన. ఏదో ఒకటి మారి ఉంటుందని ఎక్కడో ఓ మూల చిన్న ఆశ ఉండేది, అది కూడా పోయింది. సరే, చెప్పాలి. మెల్లగా చెప్పాలి, నువ్వులతో మొదలుపెట్టాలి అనుకుంది. తల పైకెత్తింది.

శ్యామ్‌సుందర్ ఆమె ప్లేటు మీదికి వంగి ఉన్నాడు. "ఎట్లుంది బిడ్డా?"

"మస్తుంది నాన్నా," అంది ప్రణవి.

నోరు తానే అనేసింది. ఆలోచన లేదు, వెనకాముందు లేదు. కెమెరా నడుస్తోంది. కీర్తి చెయ్యి కదిలి, ఫోన్ పక్కకు ఒరిగి మళ్లీ నిలబడింది. శ్యామ్‌సుందర్ నడుము నిటారుగా పెట్టి వరప్రసాద్ వైపు చూసి, విన్నావా అన్నట్టు కళ్లెగరేశాడు. ప్రణవికి చెవులు వేడెక్కాయి. ఇంతమంది హోటలు వాళ్ల మొహం మీద నిజం చెప్పిన నోరు, సొంత నాన్న ముందు గుటకేసినంత తేలిగ్గా అబద్ధమాడేసింది. భూమి చీలితే అందులోకి పోవాలనిపించింది.

"బాగలేదు," అంది విమల.

పెద్దగా అనలేదు. అయినా ఆ చిన్న మడిగెలో అందరికీ వినబడింది.

"ఏంది?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"ఖట్టా చేదుంది. నువ్వులు మాడబెట్టిన్రు. ఖిచిడీ జావైంది."

ఆయన నవ్వాడు. "పొద్దుగాల పొద్దుగాల మజాక్ చేస్తున్నవా విమలా?"

"మజాక్ కాదు. ఇయ్యాలే కాదు, ఎప్పుడూ గిట్లనే ఉంది."

"ఎప్పుడూనా?"

"ఔ, ఎప్పుడూ."

శ్యామ్‌సుందర్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దించుకోవడం తెలియనట్టు. రైలు దిగిన కుటుంబం తినడం ఆపి చూస్తోంది. ఆయన మెల్లగా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. "మరి ఇన్నేండ్లు మస్తుంది, మస్తుంది అన్నవ్ గదా."

"అన్న. అనకుంటె మీరు మానేసెటోళ్లు," అంది విమల. ఆమె గొంతులో కోపం లేదు. ఎన్నాళ్లుగానో కట్టి పెట్టుకున్న మూట దించుకుంటున్నట్టు ఒక్కొక్క మాటే తీసి పెట్టింది. "వారమంత నేను వండాలె, నేనే వడ్డియ్యాలె, మీరంత తిన్నంక మిగిలింది నిలబడి తినాలె. ఆదివారం ఒక్కపూట నన్ను కూసోమని నా ముందర పళ్లెం పెట్టిన్రు. గట్ల పెట్టినోళ్లు నాకు ఇంకెవ్వరు లేరు. చేదైతె ఏంది? అన్నం కోసం తిన్ననా? కూసున్నందుకు తిన్న."

 విమల కూతురి వైపు తిరిగింది.

"నీకు కూడా చెప్తున్న. ఖాళీగ ఉంటనన్నవ్ గదా నిన్న. ఈ హోటల్ నా చేతిల పెడ్తె నడుస్తది, నాకూ తెలుసు. కానీ మీ నాన్న హోటల్ పెట్టినకాడికెల్లి నాకు ఆదివారం పాయె. ఆదివారం ఆయన గీడ వండుతడు, ఇంట్ల నేను వండుతున్న. నీకు కనవడ్డదా? లే. ఇప్పుడు గీడ కూడా నన్నే వండమంటున్నవ్. నా పేరు బోర్డు మీద రాసిన్రు, సంతోషం. చేతులు మాత్రం పెట్ట."

ప్రణవి ఎన్ని హోటళ్లు తిరిగింది! ఎవరి సాంబారులో నీళ్లెక్కువో, ఎవరి బన్ను నిన్నటిదో చిటికెలో చెప్పేది. ఇంట్లో అమ్మ ఎప్పుడు కూర్చుని తింటుందో చూడలేదు. మొన్న గురువారం కూడా ఆమె నిలబడే ఉంది, పెరుగు వడ్డిస్తూ. చూసి కూడా చూడలేదు. సిగ్గుతో, దుఃఖంతో ప్రణవి కళ్లు నిండిపోయాయి.

"నువ్వు కూడానా బిడ్డా?" శ్యామ్‌సుందర్ కూతురిని అడిగాడు. "ఇప్పుడు అన్నవే, కెమెరా ముందర. అది కూడా అబద్ధమేనా?"

"ఔ నాన్నా."

"అందరికి నిజం చెప్తవ్. నాకెందుకు చెప్పలే?"

"భయమైంది నాన్నా. నువ్వు బాధపడ్తవని."

ఆయన తలూపాడు. మూలకు చూశాడు. వరప్రసాద్ గబగబా గ్లాసెత్తి నీళ్లు తాగసాగాడు, ఆయన శభాష్ కూడా అలాంటిదేనని ఇక చెప్పనక్కర్లేదు. శ్యామ్‌సుందర్ లేచాడు. వెనక ముడి విప్పి ఆప్రాన్ తీసి, చేతిలో పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. లోపల ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది. ప్రణవి లేవబోతే విమల ఆమె చెయ్యి పట్టి ఆపింది. 

కీర్తి దగ్గరికి జరిగి, "దీన్ని తీసేద్దామా?" అంది మెల్లగా. "నువ్వు మస్తుంది అన్నది ఇందుల ఉన్నది. ఇది పెడ్తె నీ పని ఖతం."

"తియ్యకు. పెట్టేముందు అమ్మను, నాన్నను అడుగుత. పెడ్తె మాత్రం నా అబద్ధం ఉండాలె."

కాసేపటికి శ్యామ్‌సుందర్ వంటగది గుమ్మంలోకి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆప్రాన్ మళ్లీ కట్టుకున్నాడు, ఈసారి వంకరగా. చేతిలో మూకుడు, అందులో తెల్లటి పచ్చి నువ్వులు.

"ఎంతసేపు వేయించాలె?"

"నేను లోపలికి రానన్న గదా," అంది విమల.

"రమ్మంటలేను. గాడనే కూసొని చెప్పు."

విమల కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. "సన్న మంట పెట్టుండ్రి. చిటపటమంటయి. జర రంగు తిరిగినంక దించుండ్రి."

ఆయన వెళ్లాడు. లోపలి నుంచి చిటపటలు వినిపించాయి. కొద్దిసేపే వినిపించి ఆగిపోయాయి. తర్వాత రజని రుబ్బుతున్న చప్పుడు, చింతపండు పులుసు కలుపుతున్న గరిటె చప్పుడు. రైలు దిగిన కుటుంబం బిల్లు కట్టేసి కూడా కదలకుండా కూర్చుంది. చివరికి ఆయన ఒక గిన్నెలో ఖట్టా, కొత్త ప్లేటులో ఖిచిడీ పట్టుకొచ్చి భార్య ముందు పెట్టాడు. ఎట్లుందని ఈసారి అడగలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

విమల తింది. నిదానంగా నమిలింది. "ఇప్పుడు నువ్వులు పచ్చిగున్నయి," అంది.

వరప్రసాద్‌కు నవ్వు ఆగక పొలమారింది. రైలు దిగిన కుటుంబంలో పెద్దావిడ కూడా నవ్వేసింది. శ్యామ్‌సుందర్ నవ్వలేదు. భుజాలు జారిపోయి కుర్చీలో కూలబడ్డాడు.

"నాతోని కాదేమో విమలా. మూసేద్దామా?"

 విమల ఇంకో ముద్ద కలుపుకుని తిని, నీళ్లు తాగి, అప్పుడు జవాబిచ్చింది.

"మూస్తరో, నడుపుతరో మీ ఇష్టం. నడిపితె ఆదివారం నేను గీడికి వస్త, మూస్తె ఇంట్ల కూసుంట. ఏడనైనా సరే, ఆదివారం నా ముందర పళ్లెం మీరే పెట్టాలె. బాగుంటె బాగుందంట. లేకుంటె లేదంట."

 ఇన్నేళ్లలో ఆమె ఒక పళ్లెం వాపసు పంపడం శ్యామ్‌సుందర్ చూడలేదు. చెయ్యి చాచి ఆమె ముందున్న ప్లేటు అంచు పట్టుకున్నాడు.

"ఇది తింటవా? ఇంకోటి చేసుకరావాల్నా?"

"ఇంకోటి చేసుకరాండ్రి," అంది విమల, కుర్చీలో వెనక్కి వాలుతూ. "నాకేం తొందర లేదు."